రాళ్లు మాత్రమే తీస్తే సరిపోదా?

పిత్తాశయంలో రాళ్లున్నాయనగానే అందరూ అడిగేది ఒకటే: "కిడ్నీలో అయితే రాళ్లే తీస్తారు కదా, ఇక్కడ సంచి మొత్తం ఎందుకు తీసేస్తారు?" ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయి, రాళ్లు కరిగిస్తామనే మందులన్నీ వాడి, చివరికి చీము పట్టాక ఆసుపత్రికి వచ్చేవారిని చూస్తే బాధేస్తుంది.

మేడ మీది నీళ్ల ట్యాంకును తలచుకోండి. మోటారు కాలేయం. కొవ్వును అరిగించడానికి తోడ్పడే పైత్యరసం తయారయ్యేది అక్కడే, రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా. ట్యాంకు పిత్తాశయం. అందులో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. రసంలోని నీటిని పీల్చి చిక్కబరచి దాచుకుంటుంది. కొవ్వున్న ఆహారం పేగులోకి దిగగానే ముడుచుకుని ఆ రసాన్ని వదులుతుంది.

రసంలో కొలెస్ట్రాల్ ఎక్కువై, ట్యాంకు సరిగ్గా ఖాళీ కాకపోతే అడుగున మడ్డి చేరుతుంది. అది గట్టిపడితే రాయి. రాళ్లను ఏరేసినా మడ్డి పట్టే ట్యాంకు అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ వస్తాయి. బెర్లిన్‌లో 1882లో కార్ల్ లాంగెన్‌బుఖ్ అనే సర్జన్ మొదటిసారి పిత్తాశయాన్నే తొలగించింది ఈ తర్కంతోనే. కిడ్నీ రక్తాన్ని వడకడుతుంది, దాన్ని కాపాడుకోవాలి. ట్యాంకు తీసేసినా మోటారు ఆగదు. రసం నేరుగా పేగులోకి చేరుతుంది. కొందరికి కొన్నాళ్లు విరేచనాలు పలచగా అవుతాయి, అంతే.

అయితే రాయి కనిపించిన ప్రతివారికీ ఆపరేషన్ చేయాలనడం కూడా నాకు నచ్చదు. వేరే కారణంతో చేసిన స్కానింగ్‌లో బయటపడి, ఏ బాధా పెట్టని రాళ్లను సాధారణంగా కదిలించనక్కర్లేదు. భోజనమయ్యాక, తరచుగా రాత్రిపూట, కుడివైపు పక్కటెముకల కింద పట్టేసినట్టు మొదలై, కుడి భుజం వెనక్కి పాకి, గంటల తరబడి వదలని నొప్పి వేరు. ట్యాంకు మూతి దగ్గర రాయి అడ్డం పడిందన్నమాట. దాన్ని గ్యాస్ నొప్పి అని సరిపెట్టుకోకండి.

ఇక ఆపరేషన్ సంగతి. సాధారణంగా పొట్ట మీద నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి చేస్తారు. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. పిత్తాశయపు గొట్టాన్నీ రక్తనాళాన్నీ విడివిడిగా గుర్తుపట్టాకే క్లిప్పులు వేసి కత్తిరిస్తారు. అసలు నైపుణ్యమంతా అక్కడే. పొరపాటున, కాలేయం నుంచి పేగుకు రసాన్ని తీసుకెళ్లే ప్రధాన పైత్యనాళం తెగితే పెద్ద ప్రమాదం. వాపు ఎక్కువగా ఉంటే పొట్ట కోసి చేయాల్సి రావచ్చు, అది వైఫల్యం కాదు. తర్వాత రెండు మూడు రోజులు భుజం లాగితే అది లోపల మిగిలిన గ్యాస్ వల్లే.

రాయి జారి ప్రధాన నాళంలో ఇరుక్కుంటే కామెర్లు రావచ్చు, క్లోమం (ప్యాంక్రియాస్) వాయవచ్చు. నోటి ద్వారా ఎండోస్కోపు, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టం, పంపి ఆ రాయిని తీస్తారు. కళ్లు పచ్చబడి, చలితో జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి.