వల కన్ను కంటే వైరస్ చిన్నదే, అయితే ఏంటి?

(నెల్లూరు జిల్లా, విడవలూరు మండలం. రొయ్యల గుంట గట్టు. చేతిలో తడి వల సంచి.)

నమస్తే. ఇవాళ గదిలో కూర్చుని మాట్లాడట్లేదు, మా పెదమామ గుంట గట్టు మీద ఉన్నాను. వెనక గుంట నీళ్లకి గాలి అందించే ఏరేటర్ల చప్పుడు వినిపిస్తుంది, కాస్త సర్దుకోండి. ఇంకో పావుగంటలో మామ మోటారు వేస్తాడు. అప్పటిదాకానే ఈ వల నా చేతిలో ఉంటుంది, ఆలోపు చెప్పాల్సింది చెప్పెయ్యాలి.

పోయిన వారం నెల్లూరులో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దాయన కరోనా రోజుల మాట ఎత్తాడు. "వైరస్ ఎంత, మాస్కు గుడ్డలో కన్నం ఎంత? ఇనప గేటు వేసి దోమల్ని ఆపినట్టుంది. అంతా రాజకీయం" అన్నాడు. ఎదురు వరసలో ఇంకొకాయనకి కోపం వచ్చింది. "మీ పార్టీ వాళ్లు అప్పుడూ ఇదే అన్నారు" అన్నాడు. పప్పు వడ్డించి సాంబారు వచ్చేలోపు మాస్కు పక్కకి పోయింది, పార్టీలే మిగిలాయి. ఇన్నేళ్లయినా ఈ మాట ఇలాగే తిరుగుతోంది. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది. ఎందుకంటే ఆయన అడిగింది మంచి ప్రశ్న. దానికి జవాబుంది. కానీ ఆ జవాబు చెప్పేవాళ్లు లేక, అందరూ ఏ పార్టీ అని అడుగుతున్నారు.

ఆ జవాబు నా చేతిలో ఉంది. ఇదిగో.

(వల సంచి దగ్గరగా చూపిస్తూ)

కాలువలోంచి గుంటలోకి నీళ్లు తోడేటప్పుడు పైపు మూతికి ఈ సంచి కడతారు. అంగుళానికి అరవై కన్నులు. అంటే ఒక్కో కన్ను సుమారు పావు మిల్లీమీటరు. ఇప్పుడు రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు, అదే వైట్ స్పాట్, తెచ్చే వైరస్ సంగతి చూడండి. మన తీరంలో రొయ్యల రైతు ఎవరిని అడిగినా వైట్ స్పాట్ అనే మాటకి మొహం మారిపోతుంది. 1994లో అది వచ్చినప్పుడు టైగర్ రొయ్య వేసినవాళ్లు ఎంతమంది ఎలా మునిగిపోయారో మా ఇంట్లోనే చూశాం. మా అత్త మెళ్లో గొలుసు ఆ ఏడాదే పోయింది. ఆ వైరస్ ఈ కన్ను కంటే వందల రెట్లు చిన్నది. పెళ్లిలో పెద్దాయన లెక్క ప్రకారం ఈ సంచి కట్టడం శుద్ధ దండగ.

మరి ఎందుకు కడతావు మామా అని అడిగాను. మామ సంచిని తిరగదీసి నా ముందు దులిపాడు. వేలిగోరంత పీతలు నాలుగు కిందపడి అడ్డంగా పరుగెత్తాయి. బురద, నాచు ముక్కలు, దారప్పోగులాంటి పిచ్చి రొయ్య పిల్లలు. "పాపా, వైరస్ ఒంటరిగా ఈదుకుంటా వస్తాదా? పీత వీపెక్కి వస్తాది. ఈ పిచ్చి రొయ్య కడుపులో వస్తాది. బండిని ఆపితే ఎక్కినోడు కూడా ఆగినట్టే కదా. మిగిల్న దానికి బ్లీచింగ్ ఉండనే ఉంది" అన్నాడు.

మాస్కు గురించి నేను చదివిన దాంట్లో ఇంతకంటే బాగా చెప్పినవాళ్లు లేరు. కరోనా వైరస్ కూడా ఒంటరిగా గాల్లో ఎగరదు. మనం మాట్లాడినా, దగ్గినా, గట్టిగా నవ్వినా నోట్లోంచి తుంపరలు వస్తాయి. కంటికి కనిపించేంత పెద్దవీ ఉంటాయి, గంటసేపు గాల్లో తేలేంత సన్నవీ ఉంటాయి. వైరస్ వాటిని ఎక్కి వస్తుంది. మాస్కు ఆపాల్సింది ఆ బండిని.

ఇక్కడ వల ఉపమానం కాస్త చాలదు, ఇంకొంచెం సాగదీస్తాను. మంచి మాస్కు వలలా పనిచెయ్యదు. వలకి కన్ను కంటే పెద్దది ఆగుతుంది, చిన్నది జారిపోతుంది. ఎన్95 అనే రకం మాస్కు లోపల పోగులు అడ్డదిడ్డంగా పరుచుకుని ఉంటాయి, వాటికి విద్యుదావేశం ఉంటుంది. దువ్వెన తలకి రుద్ది కాగితం ముక్కల దగ్గర పెడితే లాక్కుంటుంది కదా, అలా లాక్కుంటాయి. మరీ సన్న కణాలు గాల్లో తిన్నగా పోలేవు, అటూ ఇటూ ఊగుతూ పోయి పోగుకి తగులుకుంటాయి. పెద్దవి తిన్నగా పోయి గుద్దుకుంటాయి. పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైనవి ఈ రెండిటికీ మధ్య సైజువి. ఆ కష్టమైన సైజు దగ్గరే పరీక్ష పెట్టి, నూటికి కనీసం 95 ఆపితేనే ఆ పేరు ఇస్తారు. దానికంటే చిన్నది జారిపోతుందేమో అన్న భయం అక్కర్లేదు, చిన్నది ఇంకా బాగా దొరుకుతుంది.

గుడ్డ మాస్కు అంత ఆపదు. ఆ మాట దాచకూడదు. ఇంకోటి, ఈ సంచిని పైపుకి వదులుగా కడితే నీళ్లన్నీ పక్కనుంచే పోతాయి, పీతతో సహా. ముక్కు కిందకి జారిన మాస్కు అదే. సంచి మంచిదా కాదా అని వాదించుకునే ముందు ముడి చూడాలి.

ఇప్పుడు అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఈ గుంటకి రెండు దారులున్నాయి. అక్కడ పైపు, నీళ్లు లోపలికొచ్చే దారి. ఇటు తూము, నీళ్లు బయటికి పోయే దారి. పైపుకి సంచి కడితే నా గుంటని నేను కాపాడుకుంటున్నాను. కట్టుకోకపోతే నా ఖర్మ. కానీ నా గుంటలో తెల్లమచ్చ తగిలాక తూము ఎత్తి ఆ నీళ్లు కాలువలోకి వదిలేశాననుకోండి, కింద మోటారు వేసిన ప్రతి రైతూ ఆ నీళ్లే తోడుకుంటాడు. అందుకే జబ్బు తగిలిన గుంట నీళ్లు ఆపి, బ్లీచింగ్ కలిపి, శుద్ధి చేశాకే వదలాలి. అది నా ఇష్టం కింద రాదు.

మాస్కు ఈ రెండు పనులూ చేస్తుంది. పెట్టుకున్నవాణ్ని కొంత కాపాడుతుంది, పెట్టుకున్నవాడి నుంచి ఎదుటివాళ్లని కాపాడుతుంది. "నా ప్రాణం నా ఇష్టం" అనేవాళ్లు పైపు గురించి మాట్లాడుతున్నారు. రూలు పెట్టాలి అనేవాళ్లు తూము గురించి మాట్లాడుతున్నారు. ఇద్దరూ వేర్వేరు చోట్ల నిలబడి కేకలేసుకుంటున్నారు.

తూము దగ్గరే రాజకీయం మొదలవుతుంది, మొదలవ్వాలి కూడా. బ్లీచింగ్ బస్తాల ఖర్చు ఎవరిది? రెండెకరాల మామా, యాభై ఎకరాల ఆసామీ ఇద్దరికీ ఒకటే రూలా? ఆసామి రాత్రిపూట తూము ఎత్తితే అడిగేదెవరు? వీటికి ఏ మైక్రోస్కోపూ జవాబు చెప్పదు. ఇవి జనం, ప్రభుత్వం, కోర్టు కలిసి తేల్చుకోవాల్సినవి. మాస్కు ఎంత ఆపుతుంది అన్నది ల్యాబులో తేలే ప్రశ్న. రూలు ఎవరికి, ఎప్పటిదాకా, తప్పితే ఏం చెయ్యాలి అన్నది మనం తేల్చుకునే ప్రశ్న. మొదటిదానికి పార్టీని బట్టి జవాబు చెప్పడం తప్పు. రెండోదాన్ని "సైన్స్ చెప్పింది, నోరు ముయ్యి" అనడం కూడా తప్పే.

మన రాష్ట్రంలో ఏం జరిగిందో గుర్తుందా? ఆంధ్రప్రదేశ్‌లో మొట్టమొదటి కేసు మన నెల్లూరులోనే, 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన యువకుడికి. మరికొద్ది రోజుల్లో రెండోది ఒంగోలులో. ఈ రెండిటి మధ్యలో, మార్చి 15న, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ స్థానిక ఎన్నికల్ని ఆరు వారాలు వాయిదా వేశారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్ మోహన్ రెడ్డి అదే రోజు మీడియా ముందుకొచ్చి గట్టిగా తప్పుపట్టారు. నెలాఖరులోపు ఎన్నికలు కాకపోతే కేంద్రం నుంచి రావాల్సిన 5 వేల కోట్లు ఆగిపోతాయన్నారు. కరోనాకి అంత భయం అక్కర్లేదన్నారు, పారాసెటమాల్, బ్లీచింగ్ చాలన్న మాటలు అప్పటివే. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం వాయిదాని సమర్థించింది.

ఇప్పుడు 2021 జనవరికి రండి. అదే కమిషనర్ పంచాయతీ ఎన్నికలు పెడతానన్నారు. అదే ప్రభుత్వం కరోనా ఉంది, టీకాలు వెయ్యాలి, ఇప్పుడొద్దంది. తెలుగుదేశం పెట్టాల్సిందే అంది. జనవరి 25న సుప్రీంకోర్టు ప్రభుత్వ వాదనని తోసిపుచ్చింది, ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పోలింగ్ జరిగింది. పది నెలల్లో అందరూ కుర్చీలు మారి కూర్చున్నారు. ఎవరి మాట తప్పు అని చెప్పడానికి ఇది తియ్యలేదు. 5 వేల కోట్లు చిన్న సంగతి కాదు, టీకాల సిబ్బంది కొరత కూడా కల్పించిన సాకు కాదు. నా బాధ ఒక్కటే. "ఎన్నికల కోసం ఎంత ప్రమాదం భరిద్దాం" అని జనాన్ని సూటిగా అడిగి ఉండాల్సింది. దాని బదులు ఒకసారి జబ్బుని చిన్నది చేశారు, ఒకసారి పెద్దది చేశారు. వైరస్‌కి మాత్రం ఈ తేదీలేవీ తెలియవు.

ఇంక రూలు అమలు సంగతి. దీని గురించి మాట్లాడటం నాకు కష్టంగా ఉంటుంది. 2020 జూన్‌లో నెల్లూరులోనే, పర్యాటక శాఖ కార్యాలయంలో, ఒక దివ్యాంగ ఉద్యోగిని తన పైఅధికారిని మాస్కు పెట్టుకోమని అడిగింది. అతను ఆమెని జుట్టు పట్టి లాగి కొట్టాడు. సీసీ కెమెరా దృశ్యాలు దేశమంతా చూసింది, తర్వాత అరెస్టయ్యాడు. సరిగ్గా మరుసటి నెల, అప్పటికి ప్రకాశం జిల్లాలో ఉన్న చీరాలలో, మాస్కు లేదని పోలీసులు ఆపిన దళిత యువకుడు గాయాలతో ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులే కొట్టారని కుటుంబం చెప్పింది, జీపులోంచి దూకాడని పోలీసులు చెప్పారు. ప్రభుత్వం విచారణకి ఆదేశించి 10 లక్షల పరిహారం ప్రకటించింది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రూలు ఒకటే. ఒకచోట చిన్న ఉద్యోగి పైవాణ్ని అడిగితే దెబ్బలు తింది. ఇంకోచోట రూలు పేరుతో ఆపిన పేదవాడు ఇంటికి రాలేదు. అందుకే యాభై ఎకరాల ఆసామి మాట తెచ్చాను. మాస్కు రూలుని వ్యతిరేకించిన ప్రతివాణ్నీ మూర్ఖుడు అనేవాళ్లు చీరాల సంగతి ఒకసారి ఆలోచించాలి. లాఠీ భయంతో వ్యతిరేకించినవాడూ, వైరస్సే లేదని వ్యతిరేకించినవాడూ ఒకటి కాదు.

(వెనక్కి చూసి) మామ చెయ్యి ఊపుతున్నాడు. మిగతావి గబగబా చెప్తాను.

ముందు వద్దని తర్వాత పెట్టుకోమన్నారు, అది మోసం కాదా అని చాలామంది అడుగుతారు. నిజమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట్లో జబ్బు ఉన్నవాళ్లూ, వాళ్లని చూసుకునేవాళ్లూ పెట్టుకుంటే చాలంది. 2020 జూన్ 5న మాట మార్చింది. లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా అంటుకుంటుందని అప్పటికి తేలిపోయింది. ఆసుపత్రులకే మాస్కులు చాలవన్న భయం కూడా మొదట్లో ఉంది. ఆ భయాన్ని దాచకుండా చెప్పి ఉంటే జనం అర్థం చేసుకునేవాళ్లు.

గొడవ మనకే వచ్చిందనుకోకండి. 1918లో ఫ్లూ వచ్చినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో మాస్కు రూలు పెట్టారు. అక్కడి మేయరే మాస్కు లేకుండా బాక్సింగ్ పోటీకి వెళ్లి జరిమానా కట్టాడు. 1919 జనవరిలో మాస్కు వ్యతిరేక సంఘమే పెట్టారు. వందేళ్ల తర్వాత అదే అమెరికాలో అధ్యక్షుడు ట్రంప్ జనం ముందు తొలిసారి మాస్కుతో కనిపించింది 2020 జూలై 11న. అప్పటికే అక్కడ మాస్కు పార్టీ గుర్తయిపోయింది.

ఇంకోటి. బంగ్లాదేశ్‌లో 600 ఊళ్లలో, 3 లక్షల 40 వేల మందికి పైగా జనంతో పెద్ద అధ్యయనం చేశారు. సగం ఊళ్లలో మాస్కులు ఇంటికి తెచ్చి ఉచితంగా ఇచ్చారు, బజార్లో పెట్టుకోనివాళ్లకి మర్యాదగా గుర్తుచేశారు. సరిగ్గా పెట్టుకునేవాళ్లు నూటికి 13 నుంచి 42కి పెరిగారు. లక్షణాలతో నిర్ధారణ అయిన కేసులు సుమారు 9 శాతం తగ్గాయి. సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్లలో అరవై దాటినవాళ్లకి 35 శాతం తగ్గాయి. అందరూ పెట్టుకోకపోయినా ఇంత తగ్గింది. గుడ్డ మాస్కు మీద మాత్రం అంత గట్టిగా తేలలేదు.

2023లో, వైద్య అధ్యయనాల్ని కలిపి పరిశీలించే కాక్రేన్ అనే సంస్థ సమీక్ష వచ్చాక "మాస్కులు పనిచెయ్యవని తేలింది" అని ఫార్వర్డులు తిరిగాయి. ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే ముందుకొచ్చి, అలా అర్థం చేసుకోవడం సరికాదు, ఫలితం అటో ఇటో తేలలేదంతే అని చెప్పింది. ఆ సమీక్ష ప్రధానంగా చూసింది మాస్కు పెట్టుకోమని చెప్పిన కార్యక్రమాల్ని. చెప్పినా పెట్టుకోనివాళ్లు అందులో బోలెడు మంది. సంచి ఇచ్చారు, కట్టారో లేదో...

వస్తున్నా మామా! పెళ్లిలో ఆ పెద్దాయన నంబరు తీసుకున్నాను, ఈ వీడియో ముందు ఆయనకే పంపిస్తాను. ఏమన్నాడో కింద రాస్తాను. మామ పైపు దగ్గర నిలబడ్డాడు, సంచి ఇచ్చెయ్యాలి.