గేటు దగ్గరే ఆపెయ్యకండి

(భీమవరంలో మాజీ సైనికుల జాబ్ మేళా సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. ముందు వరసలో రొయ్యల ప్లాంట్ల వాళ్లు, ఐస్ ఫ్యాక్టరీల వాళ్లు, రైస్ మిల్లర్లు కూర్చున్నారు. వెనక వరసల్లో మా వాళ్లు. మేళా రోజున కూడా ఇలా ఎడంగా కూర్చుంటే పని జరగదు. అందుకే కొన్ని విషయాలు ఇవాళే మొహమాటం లేకుండా మాట్లాడేసుకుందాం.

నేను ఈఎంఈలో పనిచేశాను. ట్యాంకు నుంచి జనరేటర్ దాకా ఏది ఆగిపోయినా బాగుచేసే సైనిక విభాగం అది. రిటైరయ్యాక నేను చూసిన మేళాల్లో చాలా టేబుళ్ల మీద ఉండేది ఒకటే బోర్డు: సెక్యూరిటీ గార్డు. ఒకచోటైతే సైన్యంలో నేను చేసిన పని ఏమిటని అడక్కుండానే ఎత్తు, ఛాతీ కొలత రాసుకున్నారు. మళ్లీ రిక్రూట్‌మెంట్ ర్యాలీకి వచ్చానేమో అనిపించింది.

గార్డు పని తక్కువదని నేను అనడం లేదు. కానీ పదిహేడేళ్లు డీజిల్ ఇంజన్లు విప్పి బిగించినవాడిని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, లోపల జనరేటర్ మొరాయిస్తే పక్క ఊరి మెకానిక్ కోసం ఫోన్లు చేయడం ఎవరికి లాభమండీ? రాత్రి కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగితే చెరువులో రొయ్య ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? మీ కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా కంప్రెసర్లు ఉన్నాయి. ఓడ ఇంజన్ రూములో ఏళ్లపాటు వాచ్ డ్యూటీ చేసిన నేవీ వాళ్లు నరసాపురం, పాలకొల్లు వైపు ఊళ్లలో ఖాళీగా ఉన్నారు. ఆ ప్లాంటుకీ ఈ మనిషికీ మధ్య దూరం పదిహేను, ఇరవై కిలోమీటర్లు. కలిపేవాళ్లే లేరు.

కోనసీమ సంగతి చూడండి. 1995లో పాశర్లపూడిలో గ్యాస్ బావి బ్లోఅవుట్ చూశాం. రెండు నెలలకు పైగా మంట ఆరలేదు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఊరే కాలింది. భూమి కింద గొట్టాలున్న ఈ ప్రాంతంలో ఫైర్ అండ్ సేఫ్టీ పనికి మనుషులు కావాలి. చెక్‌లిస్టులో టిక్కు పెట్టేముందు వాల్వు దగ్గరికి నడిచి వెళ్లి చూసి వచ్చే మనిషి కావాలి. ఆ అలవాటు మా వాళ్లకి సర్వీసులోనే పడుతుంది. సర్టిఫికెట్ లేకపోతే కోర్సు చేయించండి. రక్షణ శాఖ కింద పునరావాస డైరెక్టరేట్ ఉంది, డీజీఆర్ అంటారు. రిటైర్మెంటుకు ముందు కోర్సులు నేర్పిస్తుంది, మేళాలూ పెడుతుంది.

బయటికి వచ్చేవాడు ముసలివాడని కొందరి లెక్క. సిపాయిగా చేరినవాడు చాలామటుకు 35, 40 ఏళ్ల మధ్యే ఇంటికొస్తాడు. దేశం మొత్తం మీద ఏటా దాదాపు 60 వేల మంది ఇలా వస్తున్నారు. పిల్లలు హైస్కూల్లో ఉంటారు, ఇంటి లోను సగంలో ఉంటుంది.

ఇక పెన్షన్. ఇంటర్వ్యూలో జీతం దగ్గరికి రాగానే, "మీకెలాగూ పెన్షన్ వస్తుంది కదండీ" అంటారు. అని పక్కవాడికిచ్చే దాంట్లో మూడోవంతు కోసేస్తారు. ఆ పెన్షన్ చేసేసిన సర్వీసుకి వస్తోంది. మీ ప్లాంటులో చెయ్యబోయే పనికి ఇవ్వాల్సింది మీరు. మామగారి ఆస్తి ఉందని అల్లుడికి జీతం తగ్గిస్తారా ఎక్కడైనా?

మా వాళ్లకీ రెండు మాటలు చెప్పాలి. బయోడేటాలో ర్యాంకు, యూనిట్ పేరు, మెడల్సు రాసి ఊరుకుంటున్నారు. కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అంటే మిల్లు మేనేజరుకి ఏం తెలుస్తుంది? వందమందికి పైగా జవాన్ల రేషన్, బట్టలు, సామాన్లు చూశాను, స్టాకు లెడ్జర్లు రాశాను, ఆడిట్ ఎదుర్కొన్నాను అని రాయండి. అప్పుడు ఆయనే స్టోర్స్‌లో పెట్టుకుంటాడు. కోత్‌లో, అంటే యూనిట్ ఆయుధాల గదిలో, లెక్క చూసినవాడూ అంతే. డ్రైవర్లు హెవీ లైసెన్సు కాగితం చేతిలో పెట్టుకుని రండి. జీతం అడగడానికి సిగ్గుపడకండి. పే కమిషన్ మన తరఫున మాట్లాడే రోజులు అయిపోయాయి. పాతికేళ్ల సూపర్‌వైజర్ పని చెబితే చిన్నతనం అనుకోకండి. మనకీ కుర్ర లెఫ్టినెంట్లు కమాండ్ ఇవ్వలేదా?

సర్కారు ఉద్యోగాలూ ఉన్నాయి. కేంద్రంలో గ్రూప్-సి పోస్టుల్లో 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం మనకి కేటాయింపు. పదో తరగతి పాసై 15 ఏళ్లు సర్వీసు చేసినవాళ్లు డిగ్రీ అడిగే గ్రూప్-సి రిజర్వుడు పోస్టులకీ అర్హులే. అయినా ఆ కోటా నిండడం లేదు. పరీక్ష రాయాలిగా మరి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోనివాళ్లు ఈ వారంలో ఆ పని చూడండి.

ముందు ముందు వచ్చేది ఇంకో తరం. నాలుగేళ్లకే జవాన్లను తీసుకునే అగ్నిపథ్ పథకం 2022లో ప్రకటించారు. నాలుగేళ్లు లెక్కేసుకోండి. నూటికి 25 మంది దాకా సైన్యంలో కొనసాగుతారు, మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవా నిధితో వస్తారు. పెన్షన్ ఉండదు. ఇరవై రెండు, ఇరవై నాలుగేళ్ల కుర్రాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైనికుల్ని పంపిన మిలిటరీ మాధవరం మన తాడేపల్లిగూడెం పక్కనే ఉంది. అలాంటి ఊళ్లలో ఇంటికో కుర్రాడు పని అడుగుతూ నిలబడితే గార్డు పోస్టులు ఎన్నని ఇస్తాం? వీళ్లకి అప్రెంటిస్‌షిప్పులు కావాలి. ఆ జాబితా వేరేగా చెయ్యమని కోరుతున్నాను.

తేదీ గురించి కూడా చెప్పేస్తాను. మాజీ సైనికుల దినోత్సవం జనవరి 14. మన దగ్గర ఆ రోజుల్లో మేళా పెడితే టెంటులో మైకువాడు తప్ప ఎవరూ ఉండరు, అందరూ కోడిపందాల బరి దగ్గరే. కానీ పండక్కి సెలవు మీద వచ్చిన జవాన్లు కనుమ తర్వాత రెండుమూడు రోజులు ఊళ్లోనే ఉంటారు. రిటైర్మెంటుకు ఏడాది, రెండేళ్లు ఉన్నవాళ్లు కూడా వచ్చి, ఏ పనికి ఏం నేర్చుకోవాలో కనుక్కుని వెళ్లొచ్చు. అందుకే కనుమ వెళ్లిన మర్నాడు పెడదామంటున్నాను.

యజమానులకి ఇప్పుడు ఫారాలు పంచుతారు. పోస్టు పేరు, చెయ్యాల్సిన పని, షిఫ్టు ఎనిమిది గంటలా పన్నెండా, పీఎఫ్ ఉందా లేదా, జీతం ఎంత, అన్నీ రాయండి. జీతం కాలమ్‌లో "మాట్లాడుకుందాం" అని రాసిన ఫారం తిరిగి మీకే వస్తుంది.