మెడ తిరగని పైలట్లు

సభకు నమస్కారం.

వేదిక మీదున్న పెద్దలను ఒక్కొక్కరినీ వారి వారి హోదాలతో సంబోధించడం మన ఆనవాయితీ. నాకంటే ముందు మాట్లాడిన ఇద్దరూ ఆ పనిని ఏ లోటూ లేకుండా నిర్వర్తించారు కనుక, వారి మాటలనే నా మాటలుగా స్వీకరించవలసిందిగా పెద్దలను కోరుతూ నేరుగా విషయంలోకి వస్తున్నాను. బేగంపేట రన్‌వేకు ఇంత దగ్గరలో విమానాల గురించి మాట్లాడే అవకాశం ఇచ్చిన నిర్వాహక మిత్రులకు మాత్రం కృతజ్ఞతలు చెప్పకుండా ఉండలేను. ఇంట్లో సిమ్యులేటర్, అంటే విమానం నడిపే అనుభవాన్నిచ్చే కంప్యూటర్ అమరిక, పెట్టుకునేవారికి మానిటర్ మంచిదా, కళ్లకు తగిలించుకునే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ మంచిదా అన్నది నాకు ఇచ్చిన అంశం. దానిని కన్ను, చెవి, చెయ్యి అని మూడు భాగాలుగా రాసుకొని వచ్చాను. మూడింటికీ సమాన న్యాయం చేస్తానని హామీ ఇవ్వలేను.

ముందుగా మీరందరూ ఒక చిన్న పని చేయాలి. కూర్చున్నచోటనే ఉండి, ఎడమ భుజం మీదుగా మీ వెనుక వరుసలో ఉన్నవారి ముఖం చూడండి. మొహమాటపడకండి. చూశారా? విమానం నడపడం నేర్చుకునే కుర్రవాడు మొదటి నెలలో నేర్చుకోవలసిన అతి ముఖ్యమైన కదలిక అదే.

ఎందుకో చెబుతాను. బేగంపేటలో 27వ రన్‌వే నుంచి సెస్నా 172 అనే చిన్న విమానంలో పడమర దిక్కుగా లేచి, సిమ్యులేటర్‌లో ఎడమ సర్క్యూట్, అంటే ఎడమ మలుపులతో రన్‌వే చుట్టూ ఒక చుట్టు, ఎగురుతున్నామని అనుకుందాం. ఆ రన్‌వే సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తున ఉంది కనుక, నేల నుంచి వెయ్యి అడుగుల ఎత్తుకు చేరామంటే ఎత్తును చూపే ఆల్టిమీటర్ 2,740 దగ్గర ఉండాలి. రెండుసార్లు ఎడమకు తిరిగి తూర్పుముఖంగా, రన్‌వేకు సమాంతరంగా సాగే డౌన్‌విండ్‌లోకి వస్తాము. అప్పుడు కుడివైపు హుస్సేన్‌సాగర్, ఎడమవైపు రన్‌వే ఉంటాయి. దిగవలసిన చోటు మెల్లగా రెక్క పక్క నుంచి వెనక్కి జరుగుతూ, ఎడమ భుజానికి నలభై ఐదు డిగ్రీలు వెనుకగా కనిపించే వేళకు బేస్‌కు, అంటే రన్‌వే వైపు మళ్లే దారికి, తిరగాలి. ఆ క్షణాన్ని చెప్పే మీటరు విమానంలో లేదు. మెడ తిప్పి చూడటమే మార్గం.

ఇప్పుడు ఇంట్లో బల్ల మీది మానిటర్ దగ్గరకు వద్దాం. ఇరవై నాలుగు అంగుళాల తెర ముందు రెండు అడుగుల దూరంలో కూర్చుంటే, ఆ తెర మన చూపులో దాదాపు నలభై ఎనిమిది డిగ్రీల మేర మాత్రమే ఆక్రమిస్తుంది. రెండు కళ్లతో మనిషి అడ్డంగా చూడగలిగేది సుమారు రెండు వందల డిగ్రీలు. అంటే మన చూపులో నాలుగింట ఒక వంతుకు విమానమూ, మిగిలిన మూడు వంతులకు గోడ మీది క్యాలెండరూ దక్కుతాయి. ఇంత చిన్న తెరలో కాక్‌పిట్ అంతా కనిపించాలని సిమ్యులేటర్లు డెబ్బై ఎనభై డిగ్రీల దృశ్యాన్ని కుదించి చూపుతాయి. అలా కుదించినప్పుడు రన్‌వే ఉండవలసినదానికంటే చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. నెలల తరబడి ఆ చిన్న రన్‌వేకు అలవాటుపడిన కన్ను, నిజమైన రన్‌వే ఎదురుగా పెద్దదై వస్తుంటే ఫ్లేర్, అంటే నేలను తాకే ముందు విమానం ముక్కును ఎత్తడం, ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోలేదు. భుజం వెనక్కి చూడాలంటే జాయ్‌స్టిక్ మీద దృశ్యాన్ని తిప్పే హ్యాట్ స్విచ్‌ను బొటనవేలితో నొక్కాలి. తల కదలికను పసిగట్టే పరికరాలు మానిటర్‌తో వాడేవారూ ఉన్నారు. వాటితో తలను కొద్దిగా తిప్పితే దృశ్యం చాలా తిరుగుతుంది, కళ్లు మాత్రం తెరను వదలకూడదు. తల ఒక వైపు, చూపు ఇంకో వైపు ఉండే ఆ భంగిమ ఏ విమానంలోనూ పనికిరాదు.

హెడ్‌సెట్‌లో ఈ గొడవ లేదు. అది ఒకేసారి చూపేది కూడా సాధారణంగా నూట పది డిగ్రీల లోపే. అయినా మెడ ఎంత తిప్పితే దృశ్యం అంతే తిరుగుతుంది, రన్‌వే తన అసలు పరిమాణంలోనే కనిపిస్తుంది. రెండు కళ్లకు రెండు చిత్రాలు ఇవ్వడం వల్లనే ల్యాండింగ్ బాగా కుదురుతుందని కొందరు మిత్రులు అంటారు. నేను అంతగా ఒప్పుకోను. రెండు కళ్ల తేడాతో లోతు పసిగట్టే శక్తి దగ్గరి వస్తువులకు బాగా పనిచేస్తుంది, అంటే కాక్‌పిట్‌లోని మీటలకూ బటన్లకూ. ఫ్లేర్‌లో చూపు రన్‌వే చివర మీద ఉంటుంది. అక్కడ ఆదుకునేవి సరైన పరిమాణమూ, చూపు అంచుల్లో నేల పైకి లేస్తున్న తీరూను.

ఈ సిమ్యులేటర్ల శాస్త్రం పుట్టుకలోనే ఒక విచిత్రం ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్‌లో తండ్రికున్న ఆర్గన్ల కర్మాగారంలో పనిచేసిన ఎడ్విన్ లింక్, ఆ వాద్యాలలోని గాలితిత్తులనే వాడి 1929లో పైలట్ శిక్షణ యంత్రం తయారు చేశాడు. మొదట దానిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1934లో అమెరికా సైన్యానికి తపాలా విమానాల బాధ్యత అప్పగించగా, చలికాలపు మబ్బుల్లో పరికరాలను చూసి ఎగరడం చేతకాక కొద్ది వారాల్లోనే పలువురు పైలట్లు మరణించారు. అప్పుడు సైన్యం లింక్ యంత్రాలను ఆరింటిని కొన్నది. ఆ పెట్టె మూత వేస్తే బయటి ప్రపంచం ఏమీ కనిపించదు, కనిపించకూడదు కూడా, ఎందుకంటే దాని పని మబ్బులో ఎగరడం నేర్పడం. కిటికీ మూసివేయడంతో మొదలైన ఆ సంప్రదాయమే, నా అభిప్రాయంలో, ఈనాటికీ మన బల్లల మీద కొనసాగుతున్నది. ఎయిర్‌లైన్స్ వాడే పెద్ద సిమ్యులేటర్లు ఈ లోటును ఏనాడో గుర్తించాయి. వాటిలో వంపు అద్దం మీద, దూరాన ఉన్నట్టు తోచే దృశ్యాన్ని ఇద్దరు పైలట్ల చుట్టూ సుమారు నూట ఎనభై డిగ్రీల మేర చూపుతారు. దానికి కోట్ల రూపాయలవుతాయి. చిన్న శిక్షణ సంస్థలకు అది అందదు కనుకనే హెడ్‌సెట్ గురించి ఇంతగా చెప్పవలసి వస్తున్నది.

చెవి గురించి చెప్పడానికి ముందు ఒక సంగతి చెప్పి తీరాలి. అది నేను రాసుకొచ్చిన కాగితంలో లేదు.

కొన్నేళ్ల క్రితం నేను పాఠాలు చెప్పిన ఒక శిక్షణ సంస్థలో (పేరు అనవసరం) యాజమాన్యాన్ని ఒప్పించి ఒక కంప్యూటర్, ఒక హెడ్‌సెట్, విమానాన్ని తిప్పే చక్రం లాంటి ఒక యోక్, కాళ్లతో తొక్కే ఒక జత రడ్డర్ పెడల్స్ కొనిపించాను. ఒక మూల గదిలో అమర్చాము. క్యాడెట్లు తమంతట తామే వంతులు వేసుకున్నారు. అంతవరకు డౌన్‌విండ్‌లో ఆల్టిమీటర్‌కు అతుక్కుపోయి, బేస్‌కు తిరగడం నేను అరిస్తే గాని గుర్తురాని కుర్రవాళ్లు, నేను నోరు తెరవకముందే ఎడమ భుజం మీదుగా చూడటం మొదలుపెట్టారు. ఇన్‌స్ట్రక్టర్‌కు అంతకంటే సంతోషం వేరే ఉండదు.

అంతలో ఒక ప్రముఖ అతిథి సంస్థను చూడటానికి వచ్చారు. ఆయన్ని మా మూల గదికీ తీసుకొచ్చారు. హెడ్‌సెట్ పెట్టుకున్న క్యాడెట్ కళ్లకు గంతలు కట్టి ఆడిస్తున్న పిల్లవాడిలా మెడను అటూ ఇటూ తిప్పుతున్నాడు. అతిథి కాసేపు చూసి, "బాబూ, నీకేం కనిపిస్తోంది? మాకైతే ఏం కనిపిస్తలేదు" అన్నారు. "రన్‌వే వెనకాల ఉంది సార్" అన్నాడు కుర్రవాడు, తల తిప్పకుండానే. అతిథిగారు నిజంగానే తన వెనక్కి తిరిగి చూశారు. వెంట వచ్చినవారు నవ్వు ఆపుకోలేకపోయారు, యాజమాన్యం మాత్రం నవ్వలేదు.

తరువాతి నెలలో ముందు హాలులోకి అర్ధచంద్రాకారంలో మూడు పెద్ద మానిటర్లు వచ్చాయి. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు తీసుకున్నారు. వెనుక నిలబడ్డ ఇరవై మందికీ చార్మినార్ మీదుగా ఎగురుతున్న విమానం స్పష్టంగా కనిపించింది. హెడ్‌సెట్ స్టోరు గదిలోని అల్మారాలోకి చేరింది. కావాలంటే కాగితం మీద రాసి, సంతకం చేయించి, తాళంచెవి తీసుకోవాలి. క్యాడెట్లు ఒకటి రెండుసార్లు రాశారు, తరువాత మానుకున్నారు.

మూడు మానిటర్లను నేను తక్కువ చేయడం లేదు. పక్క చూపు కొంత దొరుకుతుంది, ఒక్క తెర కంటే ఎన్నో రెట్లు మేలు. కాని భుజం వెనుక ఉన్నది వాటిలో కనిపించదు, రెక్క కింద ఉన్నదీ కనిపించదు. అవి కొన్నది నేర్చుకునేవాడి కోసం కాదు, వెనుక నిలబడి చూసేవారి కోసం. హెడ్‌సెట్‌లోని దృశ్యం పెట్టుకున్నవాడికి ఒక్కడికే దక్కుతుంది. ప్రారంభోత్సవాలంటే ఇంత ఇష్టమున్న మన దగ్గర దానికి అంతకంటే పెద్ద దోషం ఉండదు.

ఇక్కడున్న తల్లిదండ్రులను చేతులు జోడించి అడుగుతున్నాను. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, అందులో ప్రతి గంటకూ మీరు వేల రూపాయలు చెల్లిస్తున్నారు. పిల్లలను చేర్పించే ముందు సంస్థ చూడటానికి వెళ్లినప్పుడు, అక్కడి తెర ఎంత పెద్దదో చూసి మురిసిపోకండి. మీ అమ్మాయిని గాని అబ్బాయిని గాని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, డౌన్‌విండ్ నుంచి రన్‌వేను చూపించమని అడగండి. బొటనవేలు కదిలిందా, మెడ కదిలిందా గమనించండి. మీకు విమానయానం తెలియనక్కరలేదు.

ఇది హైదరాబాదులో ఒక ముసలి ఇన్‌స్ట్రక్టర్ చాదస్తమని అనుకునేవారు ఉండవచ్చు. అమెరికా వైమానిక దళం 2018లో ఆస్టిన్ నగరంలో వీఆర్ హెడ్‌సెట్లతో పైలట్ శిక్షణను ప్రయోగాత్మకంగా నడిపింది. యూరప్ విమానయాన భద్రతా సంస్థ 2021 ఏప్రిల్‌లో వీఆర్ ఆధారిత శిక్షణ యంత్రానికి తొలిసారిగా ఆమోదం ఇచ్చింది. స్విట్జర్లాండ్‌లో తయారైన ఆ యంత్రం రాబిన్సన్ ఆర్22 హెలికాప్టర్‌కు సంబంధించినది. తొలి ఆమోదం హెలికాప్టర్‌కు దక్కడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. నేలకు కొద్ది అడుగుల ఎత్తులో నిలకడగా నిలపాలంటే పాదాల దగ్గరి గడ్డి నుంచి దూరపు చెట్ల దాకా అన్నీ ఏకకాలంలో చూడాలి. ఏ మానిటర్ అది చూపగలదు?

ఇక చెవి. లోపలి చెవిలోని ద్రవం మనం కుర్చీలో కదలకుండా ఉన్నామని చెబుతుంది, కన్ను మాత్రం విమానం వాలుతున్నదని చెబుతుంది. ఆ రెండు సాక్ష్యాలూ పొసగక కడుపులో తిప్పుతుంది. కాక్‌పిట్ చట్రం కంటి ముందు నిలకడగా ఉండటం వల్ల, నడిచి తిరిగే వీఆర్ ఆటలకంటే విమానం కొంత నయం. దృశ్యం తడబడితే మాత్రం ఎవరికైనా వికారం తప్పదు. సెకనుకు 90 చిత్రాలంటే ఒక్కొక్క చిత్రానికి దొరికేది పదకొండు మిల్లీసెకన్లు, అదీ రెండు కళ్లకూ కలిపి. మానిటర్ మీద సెకనుకు ముప్పై చిత్రాలతో సర్దుకుపోయే కంప్యూటర్ ఇక్కడ చాలదు. కనుక మేఘాలనూ నీడలనూ తగ్గించుకోండి, సెకనుకు వచ్చే చిత్రాల సంఖ్యను, అంటే ఫ్రేమ్ రేటును, తగ్గనివ్వకండి. మొదటి వారం పది నిమిషాలకు మించవద్దు. వికారం మొదలైతే పట్టుదలకు పోకుండా తీసివేయండి. దాని ప్రభావం కొన్ని గంటలు ఉండవచ్చు కనుక, ఆ రోజు నిజమైన విమానం ఎక్కవద్దు.

చేతికి సమయం మిగల్లేదు కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే మీ థ్రాటిల్ మీకు కనిపించదు, తడుముకుని తెలుసుకోవాలి, అది మంచి అలవాటే. కాని కంట్రోల్ టవర్ చెప్పినదాన్ని కాగితం మీద రాసుకోలేరు, చార్టు తిప్పలేరు. అంకెలు చదవడంలోనూ మానిటర్‌దే పైచేయి. మంచి కన్ను డిగ్రీకి అరవై పిక్సెళ్ల వరకు పసిగడుతుంది. ఒక్కో కంటికి 2,064 × 2,208 పిక్సెళ్లున్న క్వెస్ట్ 3 హెడ్‌సెట్ ఇచ్చేది సుమారు పాతిక. ఇరవై ఏడు అంగుళాల 4కె మానిటర్ డెబ్బై దాటి ఇస్తుంది. అందువల్ల ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు, అంటే పరికరాలను చూసి ఎగిరే అర్హతకు, చదివేవారు, హోల్డింగ్ (ఒకే చోట చుట్లు కొడుతూ ఆగడం), ఐఎల్ఎస్ (రేడియో సంకేతాల సాయంతో దిగడం) సాధన చేసేవారు మానిటర్‌ను వదలవద్దు. మబ్బులో బయటకు చూసి చేసేదేమీ లేదు. ఇంకా సోలోకు, అంటే ఒంటరిగా ఎగరడానికి, వెళ్లనివారు మాత్రం, డబ్బు ఒక్కదానికే ఉంటే, హెడ్‌సెట్ కొనండి.

కొనేవారికి ఒక జాగ్రత్త. సికింద్రాబాదు సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గ్రాఫిక్స్ కార్డు కోసం తిరిగేటప్పుడు చవకగా పాత హెడ్‌సెట్ ఎదురుపడితే, అది మైక్రోసాఫ్ట్ వారి విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ అనే వీఆర్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేదేమో కనుక్కోండి. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి ఆ సదుపాయాన్ని తీసివేశారు. హెచ్‌పీ రెవెర్బ్ జీ2 వంటి మంచి హెడ్‌సెట్లకు దానితో ఇబ్బంది వచ్చింది. రెండు కంటిపాపల మధ్య దూరాన్ని హెడ్‌సెట్‌లో మీకు తగినట్టు సరిచేసుకోవడం మరవకండి. కళ్లద్దాలున్నవారు వాటితో లెన్సులు గీరుకుపోకుండా చూసుకోండి.

పక్క గదిలో బల్ల మీద హెడ్‌సెట్ సిద్ధంగా ఉంది. బేగంపేట 27వ రన్‌వే మీద సెస్నా ఇంజన్ నడుస్తోంది. ఇప్పుడే టిఫిన్ చేసినవారు అరగంట ఆగి రండి. మనిషికి ఒక సర్క్యూట్, ముందు విద్యార్థులు, తరువాత తల్లిదండ్రులు, ఆ తరువాత వేదిక మీది పెద్దలు. లోపల ఏం జరుగుతోందో అందరికీ కనిపించేలా ఒక పెద్ద తెర కూడా పెట్టించమని నిర్వాహకులు అడిగారు. నేను వద్దన్నాను.