కరెంటు పోయినప్పుడు తెరిచే యాప్

అందరికీ నమస్కారం. పంపిణీ సంస్థల నుంచి వచ్చిన ఇంజినీర్లకు, రేపు ఇలాంటి యాప్‌లు తయారుచేయబోయే విద్యార్థులకు ప్రత్యేకంగా నమస్కారం. కరెంటు, నీళ్లు, గ్యాస్ యాప్‌లను జనం ఎందుకు వాడతారు, ఎందుకు పక్కన పెట్టేస్తారు అన్నది ఈరోజు విషయం. నేను కరెంటు గురించే మాట్లాడతాను.

2024 జులై 1 గుర్తుందా? ఫోన్‌పే, గూగుల్ పే లాంటి వాటిలో కాకుండా మా వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో బిల్లు కట్టండని తెలంగాణ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రకటించింది. రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాలే అందుకు కారణమని చెప్పింది. రకరకాల బిల్లులను ఏ యాప్ నుంచైనా కట్టే వీలు కల్పించే భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థలో సంస్థ చేరాక పాత దారి మళ్లీ తెరుచుకుంది. ఆ మధ్యలో సంస్థ యాప్‌ను దింపుకున్నవాళ్లు గత్యంతరం లేక దింపుకున్నారు. అలాంటి డౌన్‌లోడ్లను లెక్కపెట్టి ఆదరణ పెరిగిందనుకుంటే పొరపాటు. డబ్బు కట్టించుకోవడంలో పంపిణీ సంస్థ యాప్ ఫోన్‌పేను మించనక్కరలేదు. ఏ దారిన వచ్చినా ఆ సొమ్ము సంస్థ ఖాతాకే చేరుతుంది.

మరి సొంత యాప్ దేనికి? బిల్లు ఇంత ఎందుకు వచ్చిందో, పోయిన కరెంటు ఎప్పుడు వస్తుందో ఫోన్‌పే చెప్పలేదు. ఆ రెండూ సంస్థకే తెలుసు.

ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు 1989లో ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రచురించారు. కొత్త సాంకేతికతను మనిషి స్వీకరించడానికి అది ఉపయోగపడుతుందన్న నమ్మకం, వాడటం తేలికన్న నమ్మకం రెండూ కావాలన్నారు. అయితే ఆ రెంటిలో ఉపయోగానిదే పైచేయి అని తేలింది. పనికొచ్చేదైతే కొంత కష్టపడైనా నేర్చుకుంటాం. పనికిరానిదాన్ని ఎంత సులువు చేసినా ముట్టుకోం. మన దగ్గర మాత్రం రంగులు, బొమ్మలు, కొత్త మెనూల మీదే శ్రద్ధ ఎక్కువ.

బిల్లునే తీసుకుందాం. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్లు నెలకు 200 యూనిట్ల దాకా వాడితే జీరో బిల్లు. ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కు 6 రూపాయలు, 226వ యూనిట్ నుంచి 8 రూపాయల 75 పైసలు. కాబట్టి గృహిణికి కావలసింది బిల్లు వచ్చాక తెలిసే మొత్తం కాదు, నెల మధ్యలో తెలిసే అంకె. దానికి స్మార్ట్ మీటరు వచ్చేదాకా ఆగనక్కరలేదు. కిందటి రీడింగ్, దాని తేదీ సంస్థ దగ్గర ఉన్నాయి. ఈరోజు మీటరు మీద కనిపించే అంకెను ఆమె యాప్‌లో వేస్తే, ఇప్పటికి 140 యూనిట్లయ్యాయి, ఇదే జోరున వాడితే ఫలానా తేదీకి 200 దాటుతాయని చెప్పడం చిన్న లెక్క. ఈ ఒక్క సదుపాయం ఉన్న యాప్‌ను ఆమె తన ఫోనులోంచి తీసేయదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సౌకర్యాల జాబితాల్లో కనిపించని చిక్కు ఒకటుంది. మన పట్టణాల్లో ఎన్నో ఇళ్ల సర్వీసు యజమాని పేరున ఉంటుంది. కొన్నిచోట్ల ఆయన ఎప్పుడో పోయిన తాతగారి పేరునే ఉంటుంది. నమోదైన మొబైల్ నంబరు కూడా వాళ్లదే. బిల్లు కట్టేది, చీకట్లో కూర్చునేది అద్దెకున్నవారు. ఓటీపీ వెళ్లేది మాత్రం వేరే ఊళ్లో ఉన్న యజమానికి. ఏసీడీ అంటూ అదనపు డిపాజిట్ బిల్లులో కలిస్తే, కట్టింది ఎవరు, తిరిగి రావలసింది ఎవరికి అని రెండిళ్ల మధ్య పేచీ. యజమాని పేరు మార్చకుండానే, ఇంట్లో ఉంటున్నవారు తమ నంబరు జతచేసుకునే వీలు కల్పించాలి.

నమ్మకం సంగతీ ఉంది. ‘మీ కిందటి నెల బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు తీసేస్తాం’ అనే మోసపు సందేశాలు మీలో చాలామందికి వచ్చే ఉంటాయి. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఏదో యాప్ దింపుకోమంటారు, ఖాతా ఖాళీ చేస్తారు. ఒకసారి అలా దెబ్బతిన్న ఇంట్లో అసలు యాప్‌ను కూడా ఎవరూ నమ్మరు. అది వాళ్ల అమాయకత్వం కాదు, జాగ్రత్త. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన మన మిత్ర సేవలు వాట్సాప్‌లోనే నడవడం ఈ కోణంలో మంచి నిర్ణయం. కొత్తది దింపుకోమనకుండా, రోజూ వాడే చోటికే సేవ వచ్చింది.

ఇక అసలు పరీక్ష, కరెంటు పోయినప్పుడు. 2001లో భట్టాచర్జీ అనే పరిశోధకుడు ఆన్‌లైన్ బ్యాంకింగ్ వాడేవారిని పరిశీలించారు. మొదట ఆశించింది నిజంగా జరిగిందా లేదా అన్నదానిమీద ప్రధానంగా తృప్తి, ఆ తృప్తి మీద ప్రధానంగా వాడకం కొనసాగడం ఆధారపడతాయని ఆయన చూపించారు. ఎండాకాలం రాత్రి ఫ్యూజు పోతుంది. ఫోనులో ఛార్జి అడుగంటింది, సిగ్నల్ అంతంతమాత్రం. యాప్‌లో ఫిర్యాదు నమోదైంది, ఒక నంబరు వచ్చింది. కాసేపటికి ‘పరిష్కరించబడింది’ అని సందేశం. ఇంట్లో ఇంకా చీకటే. ఆ మనిషి మళ్లీ యాప్ తెరుస్తాడా? కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చేస్తాడు, లేకపోతే లైన్‌మన్ సొంత నంబరుకే చేస్తాడు. యాప్ పోయి లైన్‌మన్ సెల్ మిగిలింది.

ఇందులో లైన్‌మన్‌ను తప్పుపట్టకండి. గడువులోగా ఫిర్యాదు మూయాలని పైనుంచి ఒత్తిడి, చేతిలో నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లు. మూసిన ఫిర్యాదులను లెక్కపెట్టినంత కాలం ఫిర్యాదులు మూతపడుతూనే ఉంటాయి. లెక్క మార్చండి. ‘కరెంటు వచ్చిందా’ అని వినియోగదారుణ్ని అడిగి, వచ్చిందన్నాకే ఫిర్యాదు ముగిసేలా చేయండి. ఆలస్యమయ్యేటట్లయితే ఆ మాటే చెప్పండి: సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తెచ్చే ఏ ఫీడరు లైను పోయింది, మనుషులు బయల్దేరారా, సుమారు ఎన్ని గంటలకు వస్తుంది. రెండు గంటలని తెలిస్తే పసిపిల్లలున్న తల్లి పక్కింటికి వెళ్తుంది, ఇన్సులిన్ ఉన్నవారు ఐసు తెచ్చుకుంటారు.

ఇక్కడి విద్యార్థులు ఈ సెమిస్టర్ ప్రాజెక్టుగా ఒక సబ్‌స్టేషన్ పరిధిని తీసుకుని, మూసిన ఫిర్యాదుల్లో కరెంటు నిజంగా ఎప్పుడు వచ్చిందో ఇంటింటికీ వెళ్లి అడగండి. ఇంజినీర్లు అందుకు అనుమతి ఇప్పించాలని ఈ సభాముఖంగా కోరుతున్నాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.