బేగెల్ గీగెల్ (41వ ఎపిసోడ్)

కిరణ్: నమస్కారం. ఇవాళ ఇంగ్లీషులో కలిసిపోయిన యిడ్డిష్ మాటల గురించి. వదినా, కుక్కర్ దించేశారా?

సుధ: దించాన్లే. ఈసారి విజిల్ రాదు, కానివ్వు.

కిరణ్: 1880ల నుంచి, 1924లో వలసలకు అడ్డుకట్ట వేసేదాకా, తూర్పు యూరప్ నుంచి సుమారు 20 లక్షల మంది యూదులు అమెరికా వచ్చారు. చాలామంది ఇంటి భాష యిడ్డిష్. ఏది పట్టుకున్నా పడేసే క్లట్స్, ష్లెప్, హుట్స్‌పా, మధ్యలో చిల్లుండే గుండ్రటి రొట్టె బేగెల్, అన్నీ...

సుధ: బేగెల్‌ని ముందు నీళ్ళలో ఉడికించాలి. ఆ తర్వాతే కాల్చాలి.

కిరణ్: పోయిన వారమూ చెప్పారు.

సుధ: చెప్తాను. నిన్న స్టేషన్‌లో ఎస్కలేటర్ ఆగిపోయింది. ఓ పెద్దావిడ, చక్రం ఊడిన సూట్‌కేసుని మెట్టుమెట్టుకీ టకాటకా కొట్టుకుంటూ లాగుతూ "ష్లెప్, ష్లెప్" అని గొణుక్కుంటోంది. ఈడ్చుకురావడమే, కానీ నడుం నొప్పి కూడా ఆ మాటలోనే ఉంది.

కిరణ్: హుట్స్‌పా అయితే మన గుండెలు తీసిన బంటుకుండే తెగింపు. అమ్మానాన్నల్ని చంపి, "అనాథను, దయ చూపండి" అని జడ్జిని వేడుకున్నవాడిది.

సుధ: మీటింగులో నువ్వు స్పెల్లింగు చూసి "చుట్జ్‌పా" అన్నావే, అది.

కిరణ్: అది వదిలేయండి. నాకిష్టం "ష్మ్". ఫ్యాన్సీ ష్మ్యాన్సీ. అచ్చం మన కాఫీ గీఫీ.

సుధ: అచ్చం కాదు. వాళ్ళది వెటకారం. మనది "కాఫీయో, ఇంకోటో".

కిరణ్: "ప్రేమా గీమా ఏం లేదు" అన్నప్పుడో?

సుధ: ...సరే, అది వెటకారమే. మరి గిన్నెకి ఏమంటావ్?

కిరణ్: గిన్నె... గిన్నె?

సుధ: అదిగో! మొదట్లోనే "గి" ఉంటే ఆట చెల్లదు.

కిరణ్: గిన్నెలూ చెంబులూ అంటాం కదా.

సుధ: అది జంట మాట. అడిగింది అది కాదు. ఉడికించని బేగెల్‌లా ఉంది నీ జవాబు.

కిరణ్: మళ్ళీనా!

సుధ: మా ఆఫీసులో ఒకాయన వాళ్ళ తాతా నాయనమ్మా పిల్లలకి అర్థం కాకూడదనే యిడ్డిష్‌లో మాట్లాడుకునేవారట. ఆయనకి మిగిలినవి తిట్లూ, తిండి పేర్లూ. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో ఎక్కువమందిది ఆ భాషే, కిరణ్.

కిరణ్: ఊఁ. మనమూ ఐస్‌క్రీమ్ సంగతి తెలుగులోనే మాట్లాడుకుంటాం కదా, వదినా. పిల్లల ముందు.

సుధ: మొన్న చిన్నది అంతా విని, "హోమ్‌వర్క్ గీమ్‌వర్క్ అయిపోయింది, ఏ ఫ్లేవర్?" అంది.

కిరణ్: దానికెవరు నేర్పారు!

సుధ: ఎవరూ నేర్పలేదు. గిన్నె మాత్రం ఇంకా తేలలేదు. కొందరు గిన్నె మిన్నె... ఉండు, కుక్కర్.

కిరణ్: దించానన్నారు!

సుధ: అది అన్నం. ఇది పప్పు.