ముసలి ఫెర్రెట్‌కి పెరుగన్నమా?

తమ్ముడు: ఈ ఎపిసోడ్ సైనిక్‌పురిలో మా అక్క వాళ్లింట్లో. ఇప్పుడు మైక్ వైరు లాగుతున్నది బిట్టు. ఆరేళ్ల ఫెర్రెట్, అంటే ముంగిసలా పొడుగ్గా ఉండే చిన్న పెంపుడు జంతువు. అక్కా, ఆరేళ్లంటే ముసలిదేనా?

అక్క: ముసలిదే. ఇవి మామూలుగా ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. నాలుగు దాటితే పెద్దల లెక్కే.

తమ్ముడు: మరి పెద్దవాళ్లకి పెట్టినట్టే మెత్తగా, తేలిగ్గా...

అక్క: పెరుగన్నమా? మా అత్తయ్య అదే చేశారు. "పాపం, పళ్లు అరిగిపోయాయి" అని పిసికి పెట్టేవారు. సాయంత్రం చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ కూడా. ప్రేమతోనేలే. కానీ ఇది పుట్టుకతో మాంసం తినేది. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది. అన్నం అరిగించుకునేంత పేగు లేదు దానికి. ముసలిదైనంత మాత్రాన ఆ పేగు మారదు కదా!

తమ్ముడు: నీకెప్పుడు తెలిసింది?

అక్క: పోయిన ఏడాది. కూలర్ పక్కన నిలబడి గోడకేసి చూస్తోంది, పిలిస్తే పలకదు. వెనక కాళ్లు గ్రానైట్ మీద జారిపోతున్నాయి. చొంగ కారుతోంది, మూతిని గోళ్లతో గీకుతోంది. మొదట చూపించిన చోట "వయసు, ఎండ" అని పంపేశారు. రెండో డాక్టర్ రక్తంలో షుగర్ చూశారు, బాగా తక్కువుంది. ఇన్సులినోమా అన్నారు. క్లోమంలో చిన్న చిన్న గడ్డలు, అవి అవసరానికి మించి ఇన్సులిన్ వదులుతాయి. వయసు మీదపడ్డ ఫెర్రెట్‌లలో మామూలేనట.

తమ్ముడు: షుగర్ తక్కువైతే తీపి పెట్టాలిగా?

అక్క: అందరూ అక్కడే బోల్తా పడతారు, నేనూ పడ్డాను. తీపి తింటే ఆ గడ్డలు ఇంకా ఇన్సులిన్ పోస్తాయి. షుగర్ కాసేపు లేచి, ముందుకన్నా కిందికి దిగుతుంది. అరటిపండు, కిస్‌మిస్, బిస్కెట్ అన్నీ బంద్. పడిపోతే మాత్రం చిగుళ్లకి ఇయర్ బడ్‌తో రవ్వంత తేనె రాస్తాను. వేలు పెట్టానా, కొరికేస్తుంది. తేరుకోగానే మాంసం ముద్ద, ఆటో ఎక్కి డాక్టర్ దగ్గరికి.

తమ్ముడు: రోజూ ఏం పెడతావు?

అక్క: ఫెర్రెట్ కిబుల్, అంటే ఎండు గుళికల తిండి, దొరికితే అది, లేకపోతే పిల్లి పిల్లలకిచ్చే మంచి ఫుడ్. ప్యాకెట్ తిప్పి చూస్తాను: మొదటి పేరు మాంసమై ఉండాలి, ప్రోటీన్ 35 శాతం పైన, కొవ్వు 20 దగ్గర్లో. "గ్రెయిన్ ఫ్రీ", అంటే ధాన్యం లేదని, ముందు పెద్దక్షరాలుంటే మోసపోవద్దు, వెనక బఠాణీ, బంగాళదుంప ఉంటాయి, అవీ పిండిపదార్థాలే. కుక్కల ఫుడ్ అసలొద్దు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, చికెన్ కీమా, గుండెకాయ, కొంచెం లివర్ కలుపుతాను. వాటిని ఉడకబెట్టేటప్పుడు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయను. ఉడికిన ఎముక అసలే వద్దు. మా చికెన్ షాపతనికి ఇప్పుడు నా ఆర్డర్ కంఠతా వచ్చు.

తమ్ముడు: కొత్త తిండి ముట్టిందా?

అక్క: మొహం తిప్పేసుకుంది! చిన్నప్పుడు ఏది తిన్నాయో అదే తిండి అనుకుంటాయి ఇవి. పాతదాన్లో చిటికెడు చొప్పున కలుపుతూ మూడు వారాలు పట్టింది. ఆకలేస్తే అదే తింటుందిలే అని వదిలేయకూడదు, ఖాళీ కడుపే దానికి ప్రమాదం. అందుకే రోజంతా నాలుగైదు గంటలకోసారి, రాత్రి అలారం పెట్టుకుని మరీ. మే నెలలో ముద్ద గంటకే పులిసిపోతుంది, గిన్నె తీసేసి కొత్తది పెట్టాల్సిందే.

తమ్ముడు: వయసొస్తే ప్రోటీన్ తగ్గించాలంటారు?

అక్క: కిడ్నీ కోసమంటారు. రక్తపరీక్ష చూసి డాక్టర్ చెప్తే తగ్గిస్తాను, మనంతట మనం కాదు. ఇంకోటి, తిండితో గడ్డ కరగదు. ప్రెడ్నిసొలోన్ అని షుగర్ పడిపోకుండా డాక్టర్ ఇచ్చిన స్టెరాయిడ్ మందు, అది పొద్దున, సాయంత్రం ముద్దలో పెట్టాల్సిందే. ఇప్పుడు టైమెంత?

తమ్ముడు: నాలుగున్నర.

అక్క: అయ్యో, ఆగు. ముద్ద పెట్టొస్తాను. మైక్ చూసుకో, వైరు కొరికేస్తుంది.