బాబ్‌క్యాట్‌ని ఏ ట్రైలర్ ఎక్కించాలి?

[షాట్: గాజువాక ఆటోనగర్. షెడ్డు ముందు లోడర్, పక్కన రెండు చక్రాల ట్రాలీ.]

నమస్తే అండీ. ఇది స్కిడ్ స్టీర్ లోడర్, ముందు బకెట్‌తో మట్టి ఎత్తే చిన్న మెషిన్. కంపెనీ ఏదైనా సరే, వైజాగ్‌లో అందరికీ ఇది బాబ్‌క్యాటే. దీని చక్రాలు కారు చక్రాల్లా పక్కకి తిరగవు. మలుపు కావాలంటే టైర్లు నేల మీద ఈడ్చుకోవాల్సిందే. తారు రోడ్డు మీద దూరం నడిపితే టైర్లు పాడు, నడుమూ పాడు. గాజువాకలో పని అయ్యాక మధురవాడ వెళ్లాలంటే ట్రైలర్ ఎక్కించక తప్పదు.

[క్లోజప్: వెనక డోర్ తెరిచి ఇంజిన్ చూపిస్తూ.]

బరువు గురించి మాట్లాడే ముందు ఆ బరువు ఎక్కడుందో చూడండి. ఇంజిన్, రేడియేటర్ అన్నీ వెనకే. బకెట్ ఖాళీగా ఉన్నప్పుడు మెషిన్ బరువులో ఎక్కువ భాగం వెనక చక్రాలే మోస్తాయి. ఇది నాకు తెలిసిన తీరు చెప్తాను.

కొమ్మాదిలో ఒక లేఅవుట్ పనికి ఇసుక తోలే ట్రాక్టర్‌ని పిలిచాను. కిరాయి తక్కువ, అదొక్కటే చూశాను. మెషిన్‌ని ముందుకే నడిపి ర్యాంపు ఎక్కించాను. వెనక చక్రాలు ట్రాలీ అంచు మీదికి వచ్చాయో లేదో, ట్రాలీ తోక కిందికి దిగింది. అటు ట్రాక్టర్‌కి తగిలించిన కొక్కెం పైకి లేచి, ట్రాక్టర్ వెనక టైర్లు జానెడు గాల్లోకి లేచాయి. "గురూ, దించెయ్, దించెయ్!" అని డ్రైవరు ఒకటే అరుపు. నాకేమో ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనపడట్లేదు. మెల్లగా దించేశాను. చెమటలు మాత్రం చాలాసేపు ఆగలేదు.

బాబ్‌క్యాట్ మాన్యువల్ చదివి ఉంటే ఆ టెన్షన్ ఉండేదే కాదు. బకెట్ ఖాళీగా ఉంటే రివర్స్‌లో ఎక్కించాలి, ట్రైలర్ తోక కింద ఊతం పెట్టాలి అని అందులో ఉంది. రివర్స్‌లో ఎక్కితే బరువైన వైపు ట్రైలర్ ముందు భాగానికి చేరుతుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడితే బండి కుదురుగా వస్తుంది. తోక బరువైతే హైవే మీద ట్రైలర్ పాములా ఊగుతుంది.

[తెర మీద లెక్క: 2,800 + 250 + 200 = 3,250 కిలోలు.]

ఇప్పుడు బరువు. మెషిన్ ప్లేటు మీద ఆపరేటింగ్ వెయిట్, అంటే పనికి సిద్ధంగా ఉన్న మెషిన్ బరువు, 2,800 కిలోలు అని ఉందనుకోండి. మీరు పట్టుకెళ్లే కాంక్రీటు పగలగొట్టే బ్రేకరు, రెండో బకెట్ అందులో ఉండవు. అవి 450 కిలోలైతే మొత్తం 3,250. ట్రైలర్ ఆర్‌సీలో గ్రాస్ వెయిట్ (లోడుతో కలిపి మొత్తం బరువు) లోంచి అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ ట్రైలర్ బరువు) తీసేస్తే అది మోయగల బరువు వస్తుంది. ఈ మెషిన్‌కి నేనైతే నాలుగు టన్నులు మోసేదే చూస్తాను. అనుమానం ఉంటే వే బ్రిడ్జి ఎక్కించండి, పోయేదేముంది. ఓవర్‌లోడ్‌కి మోటారు వాహనాల చట్టం కింద జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000.

రెండు ఇరుసులుంటే మంచిది. ఒక టైరు పేలినా బండి అక్కడే కూలబడదు.

[షాట్: టేపుతో ట్రైలర్ ఎత్తు కొలుస్తూ.]

ఎత్తు చాలామంది చూడరు. ట్రైలర్ నేల నుంచి 60 సెంటీమీటర్లుంటే 2.4 మీటర్ల ర్యాంపుతో వాలు 15 డిగ్రీల లోపే. అదే మీటరు ఎత్తున్న లారీకి ఆ వాలు రావాలంటే నాలుగు మీటర్ల ర్యాంపు కావాలి. లారీ వాళ్లు తెచ్చే పొట్టి పలకల మీద ఎక్కించడం సర్కస్ ఫీటే.

సెకండ్ హ్యాండ్ ట్రైలర్ కొంటుంటే ర్యాంపు మడతబందుల దగ్గర సుత్తితో కొట్టి చూడండి. మన సముద్రపు గాలికి ఇనుము లోపల్నుంచే తినేస్తుంది. ఖంగుమంటే సరే. డొల్లగా మోగి పెచ్చులు రాలితే బేరం అక్కడితో ఆపేయండి, ఎంత తగ్గించినా వద్దు.

బ్రేకుల విషయంలో మాత్రం నేను రాజీపడను. ఇసుక ట్రాలీలు చాలావాటికి సొంత బ్రేకులుండవు. లాగడానికి ట్రాక్టర్‌కి దమ్ముంటుంది, కాదనను. కానీ ఎండాడ దిగుడులో ముందు ఆటో సడెన్‌గా ఆగితే వెనక నాలుగు టన్నులు ట్రాక్టర్‌ని తోస్తాయి, ట్రాలీ అడ్డం తిరుగుతుంది. కాబట్టి ట్రైలర్‌కే బ్రేకులుండాలి. లేదంటే కిరాయి ఎక్కువైనా సొంత ర్యాంపు ఉన్న సెల్ఫ్ లోడర్ లారీ పిలవండి.

[క్లోజప్: కట్టు రింగులో చైను బిగిస్తూ.]

ఎక్కించాక బకెట్‌ని ట్రైలర్ పలక మీదికి దించి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి నాలుగు మూలలా కట్టాలి. చైన్లు మెషిన్‌కి కట్టడానికిచ్చిన రంధ్రాలకే వెయ్యండి, బకెట్ చేతులకి కాదు. ఇంత బిగించినా కాసేపటికి వదులవుతాయి. నేను గాజువాకలో బయల్దేరితే ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక పక్కకి ఆపుతాను. దిగి నాలుగు చైన్లూ చేత్తో గుంజి చూస్తాను. ఒకటైనా ఓ గుంజు బిగించాల్సి వస్తుంది.